పాత సంవత్సరానికి మీసం

ఏప్రిల్‌లో భర్త ఎవారిస్తో పోయినప్పటి నుంచి ఎర్మెలిందాకు ఒకచోట కూర్చోవడం చేతకాలేదు. కుర్చీలో కూలబడితే వంటింటి కుళాయి గుర్తొచ్చేది. కుళాయి చూసొస్తే వీధి తలుపు. గ్వాయకీల్ నగరపు డిసెంబరు ఉక్కపోతలో, ఆ రెండు గదుల్లోనే ఊరు దాటినంత నడిచేది.

ఆ ఇంటికి బడివాళ్లు దామారిస్‌ను పంపారు. ఒక్కో పిల్లకు ఒక్కో ముసలి తోడు. ఇద్దరూ కలిసి ఏడాది చివర తగలబెట్టే ‘పాత సంవత్సరం’ బొమ్మ చెయ్యాలి. పోతూ పోతూ అది ఎవరికేం వదిలిపోతుందో వేళాకోళంగా వీలునామా రాయాలి. దాన్ని పిల్ల బడి ఆవరణలో అందరి ముందూ చదవాలి. హాజరు పలకడానికే గొంతు పెగలని దామారిస్‌కు అదే పరీక్ష.

పిల్ల రంపపు పొట్టు కుక్కుతుంటే ఎర్మెలిందా అటూ ఇటూ తిరుగుతూ మొగుణ్ణి తిట్టేది. తింటూ ఈల వేసేవాడట. కుళాయి ఏనాడూ కట్టి ఎరగడట. పక్కింటి సెగుందో దగ్గర నిచ్చెన అడిగి తెచ్చి, అది తనదేనని చివరిదాకా వాదించాడట. దామారిస్ ఊ కొట్టేది కూడా కాదు. ఇంతసేపు గోడకు చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలి ఉండేదని ముసలామె ఎత్తిపొడిచేది.

బొమ్మకు బట్టలు మాత్రం కుదరలేదు. ఎవారిస్తో చారల చొక్కాను ఆమె రోజూ బీరువాలోంచి తీసేది, మళ్లీ మడిచి లోపల పెట్టేది.

ఒక సాయంత్రం ఎర్మెలిందా దుకాణం నుంచి వచ్చేసరికి బొమ్మ మొహానికి నెరిసిన మీసం ఉంది. గోడమీద ఎవారిస్తో ఫొటోలో ఉన్న మీసమే.

“ఎవరు గియ్యమన్నారే?”

పిల్ల కుంచె కింద పెట్టేసింది. “రోజూ ఆయన్నే తిట్టారు కదా మామ్మగారూ. వదిలించుకోవాలనుకున్న వాటినే కదా కాల్చేది. అందుకని... ఆయనే అనుకున్నా.”

ఇన్నాళ్లలో ఆ పిల్ల ఇన్ని మాటలు ఒక్కసారి అనడం అదే. ఎర్మెలిందా వంటింట్లోకి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. పిల్ల తుడిచెయ్యనా అని మెల్లగా అడిగింది.

“ఎడమ కొస ఇంకాస్త పైకి లేవాలి. ఫొటో సరిగ్గా చూడు.” చొక్కా తెచ్చి బొమ్మ ఒళ్లో పడేసింది. “పోతూ పోతూ ఆ మనిషి ఎవరికేం ఇస్తాడో రాసుకో.”

ఆమె చెబుతుంటే పిల్ల వీలునామా రాసుకుంది. ఆఖరి వాక్యం మాత్రం తనే రాసింది, చూపించలేదు.

బడి ఆవరణలో దామారిస్ గొంతు ముందు వరుస దాటలేదు. నిచ్చెన సెగుందోకి తిరిగిచ్చేస్తున్నానన్న చోట, ఇన్నాళ్లకు ఒప్పుకున్నాడని సెగుందో చేతులెత్తాడు. జనం నవ్వారు. చివరికొచ్చేసరికి పిల్ల ఆగిపోయింది.

వెనక నుంచి ఎర్మెలిందా అంది: “గట్టిగా చదవవే. నాకేం రాశాడో నాకు వినపడొద్దూ?”

దామారిస్ తలెత్తింది. “ఎర్మెలిందాకు నా కుర్చీ. కుళాయి నేను కట్టేశాను. ఇక కూర్చో.”

ఆ మాట గేటు దాకా వినపడింది.

బొమ్మకు నిప్పు పెడితే ముందు చొక్కా చేతుల దగ్గర అంటుకుంది. మీసం కాలేదాకా ఎర్మెలిందా నిలబడే ఉంది. ఇంటికొచ్చి కుళాయి చూసింది. కట్టే ఉంది. ఎవారిస్తో కుర్చీ చుట్టూ తిరిగి, దాని అంచున కూర్చుంది. కాసేపే. వీధి తలుపు వేశానో లేదోనని మళ్లీ లేచింది.