నాలుగో గుంజ

ముప్పయ్యేళ్లు డెన్మార్కులో కుళాయిలు బిగించిన థోర్కిల్‌కి రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవలేదు. ఓ మెటల్ డిటెక్టర్ కొనుక్కొచ్చి ఫ్యోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున నడుంలోతు నీళ్లలో దిగాడు. దొరికేవన్నీ బీరు సీసా మూతలే! ఎవరి వస్తువైనా దొరికితే ఇచ్చేసి, ఓ కప్పు కాఫీ తాగి వస్తాడు. పైసా పుచ్చుకోడు. ఆ మాట చెప్పుకోవడం మాత్రం మహా ఇష్టం.

ఈ జూలైలో ఎండ మాడ్చేస్తోంది. ఊరంతా నీళ్లలోనే ఉంది. థోర్కిల్ మాత్రం మూడు వారాలుగా ఒకే ఉంగరం కోసం వెతుకుతున్నాడు. అది గుద్రున్ ముసలమ్మది. పోయినేడు ఈత కొడుతుంటే వేలినుంచి జారిపోయింది. సిగ్గుపడి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పక తప్పలేదు. ఆమె మొగుడు హోల్గర్ ఒడ్డునున్న వృద్ధాశ్రమంలో ఉన్నాడు. మతి పోయింది. పెళ్లాం మొహం గుర్తులేదు గానీ, ఆ ఉంగరం తడిమి చూసి ముద్దకి నోరు తెరిచేవాడు. అది పోయాక శీతాకాలం ఎలాగో గడిచింది. ఈ ఎండలకు తిండి బొత్తిగా మానేశాడు. చెంచా దగ్గరికి తెస్తే, "నువ్వెవరమ్మా? మా ఆవిడ వేలికి ఉంగరం ఉంటుంది" అని మొహం తిప్పేసుకుంటాడు. కొత్తది చేయించి పెట్టుకుంటే తడిమి చూసి "ఇది కాదు" అన్నాడు. యాభయ్యేళ్ల అరుగుదల ఏ కంసాలి తేగలడు?

"ఈతకి దిగే చెక్కవంతెన నాలుగో గుంజ పక్కనే, నాయనా! నాకు బాగా గుర్తు" అంది గుద్రున్. థోర్కిల్ ఆ గుంజ చుట్టూ జల్లెడ పట్టాడు. మూతలు కూడా అయిపోయాయి.

ఓ రోజు వంతెన మీద కాఫీ తాగుతూ పల్లె అనే స్నేహితుడు పగలబడి నవ్వాడు. "ఒరేయ్, ఇక్కడ చెరువు తవ్వుతావా ఏమిటి?"

"పోయినేడు ఈ గుంజ దగ్గరే పడిందట."

"పోయినేడా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నీళ్లు గడ్డకట్టే ముందు వంతెన విప్పేస్తాం, వసంతంలో మళ్లీ కడతాం. అక్కడ రాళ్లు గుచ్చుకుంటున్నాయని ఈసారి ఇటు జరపమన్నది నువ్వే కదరా!"

థోర్కిల్ చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది. తన నోటితోనే అన్నాడు. గుంజలూ తనే పాతాడు.

పాత చోటు ఎక్కడని వంతెన కట్టిన ఐదుగురినీ అడిగాడు. ఐదుగురూ ఐదు చోట్లు చూపించారు, పైగా పోట్లాడుకున్నారు. పడవల షెడ్డు వెనకాల అని మాత్రం ఒప్పుకున్నారు. అక్కడేమో చలికాలం తుఫాను మోకాలెత్తు ఇసుక తెచ్చి పోసింది. రెండు పొద్దులు వెతికాడు. యంత్రం కుయ్యిమనలేదు.

చివరికి గుద్రున్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "తప్పంతా నాదేనమ్మా."

ఆవిడ ఎదురుగా ఉన్న నాలుగో గుంజ వైపు చెయ్యి చూపింది. "పొద్దున షెడ్డు వెనకాల వెతుక్కో. పన్నెండింటికి మాత్రం ఇక్కడికే రా."

"ఇక్కడ లేదని చెబుతున్నా కదమ్మా!"

"తెలుసు నాయనా. ఆయన కిటికీలోంచి కనబడేది ఈ గుంజే. షెడ్డు వెనక్కి వెళ్తే నువ్వు కనబడవు. అదుగో, మీ ఆవిడ ఉంగరం వెతుకుతున్నాడు అని చెప్పి చెంచా అందిస్తాను. నువ్వు కనిపిస్తున్నంతసేపూ తింటాడు. ఈ రెండు పొద్దులూ నువ్వు రాలేదు, ముద్ద ముట్టలేదు."



మర్నాడు పన్నెండింటికి థోర్కిల్ నాలుగో గుంజ పక్కన నీళ్లలో దిగాడు. నెత్తి మాడిపోతోంది. సెప్టెంబరులో వంతెన విప్పేస్తారు, నీళ్లు చల్లబడతాయి. ఆ తర్వాత ఏం చెయ్యాలో అతనికి తెలియదు. కిటికీలో తెల్లటి తల ఒకటి కనిపించింది, పక్కనే చెంచా పట్టుకున్న చెయ్యి.

ఏమీ లేదని తెలిసిన చోటే థోర్కిల్ వంగి పార దించాడు. ఇసుక పైకెత్తి, కిటికీకి కనబడేలా పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా వెతికాడు.