మూడు వీశెలు కాదు, మూడు కిలోలు

నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఎమ్మిగనూరులో మా మేనత్త ఇంట్లో గడిచేవి. ఆమె మగ్గాలవాళ్ల నూలుకు రంగులు అద్దేది. పెరట్లో వెదురు గడల మీద తడి నూలు కట్టలు వరుసగా వేలాడుతుండేవి. ఒకవైపు పసుపు, ఒకవైపు నీలం. వాటి మధ్య నడుస్తుంటే ఎండ కూడా రంగు మార్చుకుని నా చేతుల మీద పడేది. గంటల తరబడి అక్కడే తిరిగేదాన్ని. ఎవరైనా పిలిస్తే, నిద్రలోంచి లేచినట్టు ఉలిక్కిపడేదాన్ని.

మేనత్త చదువుకోలేదు. కొలతలన్నీ ఆమెకు నోటికే వచ్చు. ఎరుపు రంగుకైతే వీశె నూలుకు ఆరు తులాల పొడి. వీశె అంటే పాత తూకంలో నూట ఇరవై తులాలు, కిలోన్నరకు కాస్త తక్కువ. అప్పటికి అంగళ్లలోకి కిలోలు వచ్చి చాలా కాలమైనా, మా మేనత్త తక్కెడలో మాత్రం తులాల రాళ్లే ఉండేవి.

నాకు పదేళ్లప్పుడు, పక్క వీధి మగ్గం మామ తన కూతురి పెళ్లికి ఇంటి ఆడవాళ్లందరికీ తానే చీరలు నేయాలనుకున్నాడు. నిలువు పోగులకు వాడే పడుగు నూలుకు మేనత్త ముందురోజే ఎరుపు అద్దింది. అడ్డంగా నేసే పేక నూలు మరుసటి రోజు వచ్చింది. దాంతోపాటు వచ్చిన చీటీ మీద '3' అని ఒక్క అంకె ఉంది. నీళ్లు మరుగుతున్నాయి. అంతలో పక్కింట్లో పురుడు వచ్చిందని మేనత్తను పిలిచారు.

"అమ్మీ, వీశెకు ఆరు తులాలు. తూచి ఎయ్యి, నేనొచ్చేదాకా కలబెడతా ఉండు" అని చెప్పి వెళ్లిపోయింది.

మూడు ఆర్లు పద్దెనిమిది. నాలుగుసార్లు తూచాను. ఒక్క రవ్వ ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. పెద్ద పని నా చేతికి వచ్చిందన్న సంతోషంలో తేలిపోతూ కలబెట్టాను.

నూలు ఆరాక చూస్తే, నిన్నటి పడుగు విచ్చిన దానిమ్మ పువ్వులా ఉంది. నాది ఎండిన రక్తంలా నల్లబడింది. మేనత్త వచ్చి రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చూసింది. తిట్టలేదు. "ఎంతేసినావో సెప్పు" అంది. చెప్పాను. చీటీ తెమ్మంది. చూపించాను.

"మూడంటే మూడు వీశెలు కాదమ్మీ, మూడు కిలోలు. అంగడి నూలు కిలోల్లోనే వస్తాది" అంది. నేల మీద కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. నూట ఇరవై తులాలకు ఆరు తులాలంటే ఇరవై పాళ్లకు ఒక పాలు. మూడు కిలోలకు నూట యాభై గ్రాములు చాలు. తులాల్లో చూస్తే పదమూడుకు దగ్గర. "ఏ తూకమైనా ఒకటే. నూలు ఒక తూకంలో, రంగు ఇంకో తూకంలో చూస్తేనే సెడిపోతాది."

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మగ్గం మామ ఇంటికి వెళ్లింది. ఆయన నన్నే తప్పుపడతాడని ఆమె కొంగు చాటున నిలబడ్డాను. "అన్నా, తప్పు నాది" అంది మేనత్త. "పిల్ల సరిగ్గానే తూచినాది. నూలు కిలోల్లో వచ్చినాదని నేను సెప్పలేదు. వేరే నూలు తెచ్చి రేపు అద్దిచ్చేస్తా."

మగ్గం మామ కాసేపు ఆ నల్ల నూలును వేళ్ల మధ్య పెట్టుకుని చూశాడు. "కూతురు ఎరుపే కావాలంటాంది, అక్కా. ఒక్కరోజు తాళతాలే" అన్నాడు. మర్నాడు మేనత్త మళ్లీ నా చేతికే తక్కెడ ఇచ్చింది. పెళ్లికి ఎర్ర చీరలే కట్టుకున్నారు. పాడైన నూలు మా మేనత్త దగ్గరే ఉండిపోయింది.

తరువాత నేను ఇంజనీరునయ్యాను. యంత్రాల భాగాలు ఎంత బరువు మోస్తాయో, ఎలా కంపిస్తాయో కంప్యూటర్‌లో ముందుగానే పరీక్షించి చూడటం నా పని. కంప్యూటర్ అంకెలనే తీసుకుంటుంది, వాటి వెనకున్న కొలతను అడగదు. పొడవు మిల్లీమీటర్లలో, బలం న్యూటన్లలో ఇస్తే, బరువుకు టన్నులు, కాలానికి సెకన్లు వాడాలి. అప్పుడే అన్నీ ఒకే కుటుంబంలా కలిసి నడుస్తాయి.

మొన్నీమధ్య నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి ఒక పంపు స్టాండును పరీక్షించింది. కొలతలు మిల్లీమీటర్లలోనే ఉన్నా, ఉక్కు సాంద్రత మాత్రం ఘనమీటరుకు ఇన్ని కిలోలని ఉన్న అంకెనే వేసింది. స్టాండు లక్ష కోట్ల రెట్లు బరువెక్కింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనిచ్చిన కాగితాలు తెరిచి చూశాను. డ్రాయింగు మిల్లీమీటర్లలో, ఉక్కు వివరాలు కిలోల్లో, మీటర్లలో ఉన్నాయి. మార్చుకోమని నేనెక్కడా రాయలేదు.

"తప్పు నాదమ్మా, నీకు చెప్పలేదు" అన్నాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని అంకెలన్నీ మార్చి, మళ్లీ మొదలుపెట్టాం. ఎవరైనా తప్పు చేసి నా ముందుకు వస్తే, వాళ్లకు నేను చెప్పకుండా వదిలేసిందేమిటా అని ఇప్పటికీ ముందు వెతుక్కుంటాను.