ఒక్క అల

ఆమె పగలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే పని. సెలవు రోజున మాత్రం ఒక సంగీత సాఫ్ట్‌వేర్‌కు ధ్వనులు కోసి పెడుతుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందులో ఒక్కో ధ్వనికి ఒక్క అల చాలు. అల మొదలూ చివరా ఒకే ఎత్తులో కలిస్తే, యంత్రం దాన్నే తిప్పి తిప్పి వాయిస్తుంది. కలవకపోతే టిక్కుమంటుంది.

ఈసారి పంపాల్సిన ధ్వనుల కట్టలో నాన్న హార్మోనియంలోని ఇత్తడి రీడు మోత ఉంది. ఆయన నలభై ఏళ్లు హార్మోనియంలు బాగుచేశాడు. సొంత పెట్టెలో అన్నిటికన్నా కింది స్వరం రీడు పోయిన నెల విరిగింది. అంతకుముందే ఆమె దాన్ని రికార్డు చేసుకుంది. ఆయన చెవులు మూసుకుపోతున్నాయి. ఆయన వినకుండా అది లోకంలోకి వెళ్లకూడదు. సాయంత్రంలోగా పంపకపోతే ఈ విడుదలలో చోటు లేదు.

స్పీకరు ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇది నాది కాదే."

"నీదే నాన్నా. నేనే కదా కోసింది."

"నాదైతే మోచేతి దాకా పాకాలి. ఇది వేళ్ల దగ్గరే చక్కిలిగిలి పెడుతోంది."

"నీకు సరిగ్గా వినపడక..."

"చెవులు పోతే పోయాయి. చెయ్యి ఉందిగా!"

ఆమె మూతి ముడుచుకుని పంపేసింది. గంటలో జవాబు వచ్చింది. ఎక్కడో కూర్చుని ఫైళ్లు సరిచూసే అతను రాశాడు: "మేడమ్, ఒకటి అడిగితే రెండు అలలు ఇచ్చారు. యంత్రం ఒక అల వ్యవధిలోనే రెండిటినీ వాయిస్తోంది, స్వరం ఒక స్థాయి పైకి పోయింది."

తెర మీద చూసింది. పక్కపక్కనే రెండు వంపులు. అద్దాల జతలా కనిపించి, చెయ్యి అలవాటు కొద్దీ రెండూ కలిపి కోసేసింది.

చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంకా నయం తల్లీ, ముక్కు మీద పెట్టావు కావు!"

ఆమె సగానికి కోసింది. అంచులు కలిపింది. మీట నొక్కింది.

గదిలో ఏమీ కదల్లేదు. మంచినీళ్ల గ్లాసులో వెలుగు మాత్రం సన్నగా వణికింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. కుడి చెయ్యి స్పీకరు మీదే ఉంది. ఎడమ చెయ్యి మెల్లగా లేచి, గాలిలో, లేని హార్మోనియం తిత్తిని వూదసాగింది. ముందుకు, వెనక్కు.

ఈ స్వరానికి తిత్తి అక్కర్లేదని ఆమె చెప్పలేదు. ఫైలు పంపింది. స్వరాన్ని మాత్రం ఆపలేదు.