వరండాలో విప్పిన బండి

మా ఆయన దేముడు డీజిల్ ఇంజను డ్రైవరు. నేను ఇప్పటికీ అలాగే చెప్తాను, ఎవరేమనుకున్నా సరే. 1987లో మెడికల్ పరీక్షలో ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియడం లేదని రాసి, ఇంజను మీంచి దించేశారు. స్టోర్సులో కుర్చీ వేశారు. జీతం వస్తోంది, పొయ్యి వెలుగుతోంది, ఇంకేం కావాలి అని అయినవాళ్లంతా ఓదార్చి వెళ్లారు. మనిషి మాత్రం మంచానికి అతుక్కుపోయాడు. డ్యూటీకి వెళ్లడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. నిమ్‌పురా రైల్వే కాలనీలో మా క్వార్టరు పక్కనే యార్డు. ఇంజను కూత వినబడితే చాలు, ఎండాకాలంలో కూడా దుప్పటి తలమీదికి లాక్కునేవాడు. నాకు కోపం ఎక్కువే గాని, అప్పట్లో దానికి మించి భయం. ఈ మనిషి ఇలాగే ఎండిపోతాడేమోనని లోపల వణుకు, పైకి మాత్రం గిన్నెలు ఎత్తి కుదెయ్యడం.

పక్క క్వార్టరులో గార్డు రిచర్డు ఉండేవాడు. వాళ్ల కోళ్లగూడు పక్కన ఒక పాత మోటారుసైకిలు తుప్పుపట్టి పడుంది. అడిగి తెచ్చింది నేనే.

"ఏటే ఇది?" అన్నాడు మా ఆయన, మంచం మీంచే.

"ఇంజనే మావా. సిన్నది. నీకేటైనా తెలుస్తాదేమో సూడు."

"నాకు తెలీకపోడమేటి!" అని దిగ్గున లేచాడు. రోషం చచ్చిపోలేదు, అంతే చాలనుకున్నాను.

ఆ తర్వాత నా ఇల్లు ఇల్లు కాదు. వరండా అంతా వర్కుషాపు. బట్టలు తడిపే బేసిన్ నిండా కిరసనాయిలు, అందులో నట్లూ బోల్టులూ. నా పాత చీరలన్నీ తుడుపుగుడ్డలు. చైను తీసుకెళ్లి పప్పు గిన్నెలో నానబెట్టిన రోజున నా నోరు పూరీ గేట్ అనే రైలుగేటు దాకా వినబడే ఉంటుంది. అప్పటిదాకా ఆయన నడిపింది రైలింజను, తొక్కింది సైకిలు. మధ్యలో ఇంకేదీ ముట్టుకోలేదు.

"ఎవుర్నైనా అడగరాదా మావా?"

"రెండువేల గుర్రాల ఇంజను నడిపినోడిని. ఈ మేకపిల్లకి ఒకుడ్ని అడగాలా?"

ఒక ఆదివారం పొద్దున అది దగ్గి, తుమ్మి, చివరికి నిజంగానే మోగింది. వీధంతా పొగ. పిల్లలు వెనకాల పరిగెడుతుంటే మహారాజులా యార్డు వైపు వెళ్లాడు. కాసేపటికి చెమటలు కక్కుతూ తోసుకుంటూ వచ్చాడు.

"ఇంజను పట్టేసింది" అన్నాడు. మళ్లీ మంచం, మళ్లీ గోడ.

ఇదెక్కడి ఖర్మరా దేవుడా అనుకున్నాను. తెచ్చిపెట్టి ఇంకా పాడుచేశానే! ఆఖరికి ఈ బుల్లి ఇంజను కూడా కాదంది అనుకుంటే, ఇక ఈ మనిషిని లేపేదెవరు? తిండి కూడా సహించలేదు నాకు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన రిచర్డుని చెయ్యి పట్టి లాక్కొచ్చినంత పని చేశాను.

రిచర్డు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. మరోసారి చూశాడు.

"దేముడన్నా, పెట్రోల్లో మోబిల్ కలిపినావా?"

"పెట్రోల్లో ఆయిలేటి? మతి పోనాదేటి నీకు? ఆయిల్ కింద గేర్ల గదిలో ఏసినాను. డీజిల్‌ది డీజిల్ దారి, ఆయిల్‌ది ఆయిల్ దారి."

"అది నీ రైలింజనుకన్నా. ఈ బండికి రెండూ కలిపే తాగించాల. నేకపోతే పిస్టను ఎండిపోయి ఇదుగో, ఇలాగే పట్టేస్తాది."

మా ఆయన ట్యాంకులోకి ఒకసారి, కింద గేర్ల గదికేసి ఒకసారి చూశాడు. నాకు నవ్వు ఆగలేదు.

"అడగందే అమ్మయినా పెట్టదు మావా. రిచర్డు పెడతాడేటి?"

కొరకొరా చూశాడు. తిడతాడనుకున్నాను. పెదవి వంకర తిరిగింది, భుజాలు కదిలాయి, పకపకా నవ్వేశాడు. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు! గబగబా వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఈసారి పద్ధతి మారింది. సిలిండరు లోపలి గీతలు పోయేలా బోరు చేయించడానికి గోల్‌బజారుకి తీసుకెళ్లి, కనబడిన ప్రతి ముక్కకీ "ఎటా కీ, దాదా?" అని, ఇదేంటన్నా అని వాళ్ల భాషలోనే అడగడమే. చివరికి అక్కడి బెంగాలీ మెకానిక్కు ఈయన్ని చూస్తే టీ కొట్టు వెనక్కి తప్పుకునేవాడట. కొత్త పిస్టను వేసి, పెట్రోలూ ఆయిలూ కలిపి పోసి, రిచర్డు చేతే వాసన చూపించి మరీ స్టార్ట్ చేశాడు.

సాయంత్రం నన్ను వెనకాల ఎక్కించుకుని బయల్దేరాడు. పూరీ గేట్ దగ్గర గేటు పడింది. చుట్టూ రిక్షాలు, సైకిళ్లు. బండి ఆపి, కాళ్లు నేలకు ఆన్చి, పట్టాల వెంబడి చూశాడు. కొంచెం దూరంలో మావైపు తిరిగిన సిగ్నలు. ఇంజను దిగిన దగ్గర్నుంచీ సిగ్నలు కనబడితే మొహం తిప్పుకునే మనిషి, ఇప్పుడు దానికేసే చూస్తున్నాడు. ఇంతకాలం బజారులో పండు టమాటాలు తెమ్మంటే పచ్చికాయలు తెచ్చి నా చేత తిట్లు తిన్నాడే గాని, ఇదేం రంగని ఎవర్నీ ఒక్క మాట అడగలేదు.

ఇంజనులో ఇద్దరుంటారు. ఒకడు సిగ్నలు చూసి పైకి చెప్పాలి, రెండోవాడు ఆ మాటే తిరిగి అనాలి. ఇద్దరికీ కనబడుతున్నా సరే, అనే తీరాలి. అది వాళ్ల రూలు.

"చిలకా" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "ఏటుంది?"

"పచ్చ" అన్నాను.

"పచ్చ!" అన్నాడు, రైలింజను హోరులో వినబడేంత గట్టిగా. రిక్షావాళ్లు తిరిగి చూశారు. రైలు కూత వేస్తూ వచ్చింది. అది పూర్తిగా వెళ్లేదాకా ఆయన తల తిప్పుకోలేదు.