బండారు అంటిన బయానా

“మళ్ల అదే మాట, నాయినా. నిన్న యాడ ఆపినమో గాడికే వచ్చినవ్,” అంది స్రవంతి, హెల్మెట్ తీసి సోఫాలో పడేస్తూ.

“నేనేడ ఆపిన బిడ్డా, నువ్వే లేచిపోయినవ్. నా మాట ఇంక సగం ఉండె,” అన్నాడు ఓదెలు.

“సరే, గా సగం జెప్పు.”

“బయానా వాపస్ ఇచ్చినమంటే సౌదా క్యాన్సల్. గంతే.”

“మొదటి సగం గూడ గిదే గద.”

వంటింట్లోంచి తల్లి బాలమణి నవ్వింది. ఓదెలు వినపడనట్టు చేతిలోని పల్లీలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, బయానాగా, అంటే అడ్వాన్సుగా వచ్చి టీపాయ్ మీదున్న ఐదు నోట్ల వైపు చూశాడు. ఒక్కోటి నూరు యూరోల నోటు. రంగు ఆకుపచ్చ. ఆ పచ్చ మీద, సరిగ్గా మధ్యన, కుంకుమ చల్లినట్టు ఎర్రటి మచ్చ. ఐదింటికీ ఒకే తీరు.

“బేగంపేటల అడిగిన, సికింద్రాబాద్‌ల అడిగిన. నోట్లు మార్చే రెండు కౌంటర్లల్ల గూడ ఒకటే ముచ్చట. గిసొంటి నోట్లు తీసుకోరంట,” అంది స్రవంతి. “ఒకాయనైతే నోటును ముక్కు కాడ పెట్టుకొని, సర్ఫ్ వాసనొస్తాందేంది మేడం అన్నడు.”

ఓదెలు నమలడం ఆపాడు.

ఓదెలు నమలడం ఆపాడంటే ఏమిటో తూంకుంట నుంచి మేడ్చల్ దాకా స్టీరింగు పట్టిన వాళ్లలో సగం మందికి తెలుసు. ఇరవై ఏళ్లుగా ఆయన శామీర్‌పేట రోడ్డు మీద డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నాడు. స్కూల్ అంటే ఒక రేకుల గది, రెండు కుర్చీలు, ఒక తెల్ల అంబాసిడర్ కారు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు ముందు కూర్చుంటే, ఓదెలు పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించిన రెండో బ్రేకు మీద చెప్పు విడిచిన కాలు ఆనించి, పల్లీలు తింటాడు. నములుతున్నంతసేపు బండి బాగానే పోతున్నట్టు. నోరు ఆగిందా, తర్వాతి క్షణంలో బ్రేకు పడుతుంది, నేర్చుకునేవాళ్ల నుదురు వెళ్లి అద్దానికి తగులుతుంది. అందుకే ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు రోడ్డును ఎంత చూస్తారో ఆయన దవడనూ అంతే చూస్తారు. పరీక్షలో ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆ ఇన్‌స్పెక్టరు దవడ వైపే చూసి, ఏంటమ్మా అలా చూస్తున్నావని మాట పడ్డవాళ్లు ఉన్నారు.

ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. ఆ దేవుడంటే ప్రాణం. మల్లన్న గుడి నుంచి తెచ్చుకునే పసుపును బండారు అంటారు. కొత్తగా చేరినవాళ్లు కట్టే మొదటి ఫీజు నోటుకు, ఓదెలు ఆ బండారు తడిపి బొట్టు పెట్టి, అంబాసిడర్‌లో మల్లన్న పటం ముందు సాయంత్రం దాకా ఉంచుతాడు. ఇరవై ఏళ్లలో ఒక్క నోటుకు కూడా బొట్టు తప్పలేదు. ఈ మధ్య ఫీజు ఫోన్లో వేస్తుంటే, ఏం చేయాలో తోచక కొన్నాళ్లు ఫోనుకే పెట్టాడు. ఛార్జింగ్ పెట్టే రంధ్రంలోకి పసుపు పోయి అది పాడయ్యాక మానేశాడు.

ఇంత మంచి స్కూలుకు ఇప్పుడు నేర్చుకునేవాళ్లు కరువు. నెలకు ఇరవై మంది వచ్చే చోట ముగ్గురు. “క్లచ్ ఉంటదా సార్? అయితే వద్దు,” అని గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు. అందరికీ గేర్లు లేని బండి కావాలి. బౌరంపేట నుంచి తూంకుంట దాకా కొత్తగా లేచిన గేటెడ్ ఇళ్లలో ఆడవాళ్లు పదకొండు మంది, ఆటోమేటిక్ బండి తెస్తే, నేర్పేది స్రవంతి అయితే, రేపే వస్తామన్నారు. వాళ్ల పేర్లు స్రవంతి నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. షోరూమ్‌లో ఒక బండి చూసి పెట్టారు కూడా. వచ్చే బుధవారం లోపు డబ్బు కడితే బండి వీళ్లది. లేకపోతే ఇంకొకరిది. ఆ డబ్బు రావాల్సింది అంబాసిడర్ అమ్మకం నుంచే. అమ్మకం చెడిందా, రేకుల గదికి తాళం.

కొంటున్నది డీటర్ అనే జర్మనీ ఆయన. మూడేళ్ల కిందట శామీర్‌పేట దగ్గరి మందుల కంపెనీలో పనికి వచ్చాడు. వాళ్ల దేశంలో ముప్పై ఏళ్లు కారు నడిపినవాడు, ఇక్కడ మొదటి రోజే తూంకుంట చౌరస్తాలో అందరికీ దారి ఇస్తూ నలభై నిమిషాలు నిలబడిపోయాడు. కంపెనీ వాళ్లు ఆయన్ని తీసుకొచ్చి ఓదెలుకు అప్పజెప్పారు. “హారన్ కొడితే తిట్టినట్టు కాదు సార్. నేనొస్తున్న, మంచిగున్నవా అన్నట్టు,” అని ఓదెలు మొదటి పాఠం చెప్పాడు. నెల తిరిగేసరికి డీటర్ ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ ఇంకో చేత్తో పల్లీలు తినడం నేర్చాడు. ఓదెలును గురూజీ అని పిలవడం మొదలుపెట్టాడు. పోయినేడు వాళ్ల దేశం వెళ్లిపోయి, ఇప్పుడు పది రోజుల పని మీద వచ్చి, ఆ అంబాసిడర్‌ను ఓడలో తీసుకుపోతానన్నాడు. ఎల్ బోర్డు, రెండో బ్రేకు, మల్లన్న పటం, ఏదీ తీయొద్దన్నాడు. ఓడ కాయితాలన్నీ తానే చూసుకుంటానన్నాడు.

ధర అడిగితే ఓదెలు గుండె గట్టి చేసుకుని ఐదున్నర లక్షలన్నాడు. డీటర్ ఫోన్లో లెక్క చూసి, ఐదువేల ఐదువందల యూరోలు, సరేనన్నాడు. అంతే. బేరం లేదు. ఓదెలుకు మనసొప్పలేదు.

“గట్లెట్ల ఒప్పుకుంటరు సార్? గింత ఎక్కువనా అనుర్రి. నేను ఇంజన్ మీద ఒట్టు పెట్టుకుంట. మీరు లేచి పోయినట్టు చేయుర్రి, నేను పిలుస్త.”

స్రవంతి ఇంగ్లీషులో చెబితే, డీటర్ బుద్ధిమంతుడిలా లేచి గేటు దాకా వెళ్లి, నిలబడి, పిలిచాక వెనక్కి వచ్చాడు. అప్పుడు గాని ఓదెలుకు అమ్మినట్టు అనిపించలేదు.

డబ్బంతా అప్పటికప్పుడు ఫోన్ నుంచే బ్యాంకుకు పంపుతానన్నాడు డీటర్. ఓదెలు వినలేదు. బయానా చేతిలో పడితేనే సౌదా, అదే బేరం, కుదిరినట్టు. తూంకుంటలో ప్లాటు అమ్మినా, బర్రెను అమ్మినా అదే పద్ధతి. చివరికి డీటర్ జేబులోని పర్సు వెతికి, ప్రయాణానికి దాచుకున్న ఐదు నూరు యూరోల నోట్లు తీసి ఇచ్చాడు. ఓదెలు వాటిని కళ్లకద్దుకుని, నేరుగా అంబాసిడర్ దగ్గరికి వెళ్లి, బండారు తడిపి, ఒక్కో నోటుకు రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాడు. డీటర్ కూడా తల వంచి నుదుటికి పెట్టించుకున్నాడు. ఇద్దరూ ఫోటో దిగారు. “బయానా మార్చుకొని, రేటెంతొస్తదో చూసి ఫోన్ జేస్త. అప్పుడు మిగిలింది పంపుర్రి,” అని పంపించాడు. ఇది మొన్న బుధవారం నాటి మాట.

గురువారం పొద్దున్నే, డీటర్ పాస్‌పోర్టు జిరాక్సు, అమ్మకపు కాయితం పట్టుకుని, తండ్రీ కూతుళ్లు కొంపల్లిలో విదేశీ నోట్లు మార్చే ఆఫీసుకు వెళ్లారు. కౌంటర్‌లో నయన అనే అమ్మాయి ఉంది.

“ఇవాళ యూరో తొంభై ఆరు సార్,” అంది.

“ఫోన్ల నూరు సూపిస్తాంది గదమ్మా.”

“అది మార్కెట్ రేటు సార్. మేం కొనే రేటు వేరే ఉంటుంది.”

ఓదెలు కూతురి వైపు తిరిగాడు. “సమజైంది. రిజిస్ట్రేషన్ ఆఫీసుల గవర్నమెంట్ రేటు, బయట అసలు రేటు ఉంటయి జూడు, గట్ల. దునియా అంత ఒకటే తీరు బిడ్డా.” ఎంతో తృప్తిగా నోట్లు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

నయన మొదటి నోటును చూసింది. రెండోది చూసింది. ఐదూ పేర్చి వెనక్కి తోసింది.

“ఇవి తీసుకోలేం సార్. మరకలున్నాయి.”

“మరకలు కావమ్మా, బొట్టు.”

“బొట్టయినా సరే సార్. గుర్తులున్న నోట్లు మా దగ్గర పై వాళ్లు తీసుకోరు.”

“దేవుని బొట్టమ్మా. మల్లన్నది.”

“మా అమ్మమ్మ వాళ్లది కూడా మల్లన్నే సార్,” అంది నయన పాపం మెల్లగా. “కానీ యూరోకు తెలియదు కదా.”

ఓదెలు నోట్లు ఏరుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక చేసిన పని ఆయన ఒంటరిగానే చేశాడు. బాత్రూమ్ తలుపు వేసుకుని, మగ్గులో సర్ఫ్ కలిపి, పాత టూత్ బ్రష్షుతో ఒక్కో బొట్టును నెమ్మదిగా రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో పెళ్లి బట్టలు ఉతికిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఓదెలు ఎన్నడూ బట్టలు ఉతకలేదు. చూస్తుండగానే ఐదు పసుపు బొట్లూ ఎర్రబడ్డాయి. రుద్దినకొద్దీ ఇంకా ఎర్రబడ్డాయి.

“బాలమణీ,” అని ఆయన లోపలి నుంచి పిలిచిన పిలుపుకు, జారి పడ్డాడేమోనని ఆమె పరుగెత్తుకొచ్చింది. తలుపు తెరిచి, భర్త చేతిలో కారుతున్న నోట్లు చూసి, తలుపు పట్టుకుని కూలబడి నవ్వింది.

“మస్తుగున్నది. పసుపొక్కటే ఉండె, ఇప్పుడు కుంకుమ గూడ వచ్చె. పూజ పూరా అయింది,” అంది.

ఆ నోట్లే ఇప్పుడు టీపాయ్ మీద ఉన్నాయి. ఇక మిగిలిన దారి ఒక్కటే అని స్రవంతి రెండు రోజులుగా చెబుతోంది. డీటర్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ఈ ఐదూ ఆయనకే తిరిగి ఇచ్చేసి (వాళ్ల దేశం బ్యాంకులో ఇలాంటివి మారుస్తారట), మొత్తం బ్యాంకుకే పంపమనాలి. అక్కడే ఓదెలు అడ్డం తిరుగుతున్నాడు.

“బయానా తీసుకున్నోడు వాపస్ ఇచ్చిండంటే మాట తప్పినట్టు. మాట తప్పితే డబల్ కట్టాలె. మా అన్న గౌరయ్యకు కాలే? ప్లాటు మీద బయానా తీసుకొని, కోపంల వాళ్ల మొఖాన వాపస్ కొట్టిండు. కులపోళ్లందరు కూసోని డబల్ కట్టిపిచ్చిర్రు.”

“డీటర్ సార్‌కు గౌరయ్య పెదనాయిన ఎట్ల ఎర్క నాయినా? ఆయనకు డబల్ సంగతే తెల్వదు.”

“ఆయనకు తెల్వకుంటేంది, నాకు ఎర్కనే గద.”

“మరి ఆయన రెండు సార్లు మెసేజ్ పెట్టె. గురూజీ, బ్యాంకు నంబరు ఏంది అని. నువ్వేం జవాబిచ్చినవ్?”

“దండం బొమ్మ పెట్టిన.”

“రెండోసారి?”

“రెండు దండాలు పెట్టిన.”

స్రవంతి నుదురు కొట్టుకుంది. “ఎల్లుండి పొద్దుగాల ఆయన ఫ్లైట్. గీ బండి అమ్ముడువోకుంటే బుధవారం గా బండి పోతది. పదకొండు మంది పేర్లు రాసుకున్న. వాళ్లకేం జెప్పాలె, మా నాయిన బొట్టు పెట్టిండు, అందుకే స్కూల్ బంద్ అనాల్నా?”

ఓదెలు తల తిప్పాడు. కిటికీలోంచి వాకిట్లో నిలబడ్డ అంబాసిడర్‌ను చూశాడు. బండి పోతుందన్న దిగులు ఒకవైపు, పోదేమోనన్న దిగులు ఇంకోవైపు.

బాలమణి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, భర్త ముందు ఛాయ్ పెట్టింది.

“నేనొకటి అడుగుత. ఆడిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు మనమేం జేస్తం?”

“ఒడి బియ్యం పోస్తం.”

“ఆ బియ్యంల పైసలు పెడతమా లేదా?”

“పెడతం.”

“ఆ పైసలను వాపస్ ఇచ్చుడు అని ఎవడన్న అంటడా?”

ఓదెలు ఛాయ్ గ్లాసు ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు.

“ఇరవై ఏండ్లు మన వాకిట్ల పెరిగిన బండి. దేశం గాని దేశం పోతాంది. ఉత్త చేతులతోని పంపుతమా? ముందటి సీట్ల పసుపు గుడ్డ పరిచి, ఐదు శేర్ల బియ్యం పోసి, గీ ఐదు నోట్లు అండ్ల పెడుదం. నోట్లు ఆయనకు పోతలేవు, బండికి పోతున్నయి. ఆయనేమో ఐదువేల ఐదువందలు సక్కగ బ్యాంకుకు పంపుతడు. నీ మాట తప్పలే, ఆయన పైసలు మునగలే.”

స్రవంతి తల్లి వైపు నోరు తెరుచుకుని చూసింది. ఓదెలు మాత్రం ఇందులో బొక్క ఎక్కడుందా అని పైకప్పు చూస్తూ వెతికాడు.

“గౌరన్న వింటే ఏమంటడు?” అన్నాడు చివరికి.

“ఆయనకు నేను జెప్త. ఒడి బియ్యం రోజు భోజనానికి గూడ పిలుస్త. మేక కాళ్ల కూర వండితే ఆయన దేనికన్న ఒప్పుకుంటడు.”

“బియ్యం ఓడల పురుగు పడతయేమో.”

“గవి ఫ్లైటెక్కేముందు డీటరయ్య మూట గట్టుకుంటడు తియ్. నీకు ఒప్పుకునేతందుకు ఏం బాధ?”

ఓదెలుకు నవ్వొచ్చింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఒక్కొక్కటిగా కాక గుప్పెడు పల్లీలు నోట్లో పోసుకున్నాడు. దవడ ఆడటం చూసి స్రవంతి ఊపిరి పీల్చుకుని, ఫోన్ తీసింది.

“నేను ఇంగ్లీషుల జెప్త నాయినా. జల్దీ అయిపోతది.”

“వద్దు. ఆయనకు నేర్పినోణ్ణి నేను. నా వచ్చీరాని ఇంగ్లీషు ఆయనకు సమజైతది, నేనే మాట్లాడుత. బ్యాంకు నంబరు ఒక్కటి నువ్వు సదువు.”

“సర్ఫ్ ముచ్చట చెప్తవా?”

ఓదెలు నోట్ల వైపు చూశాడు. దాచిపెడితే డీటర్ రేపు బియ్యంలో చెయ్యి పెట్టి ఆ నోట్లు చూసినప్పుడు, గురూజీ ఏదో మోసం చేశాడనుకుంటాడు. అది ఓదెలు తట్టుకోలేడు.

“చెప్త. బాత్రూమ్ సంగతి గూడ చెప్త.”

గోడ గడియారంలో మూడున్నర అయింది. కంపెనీలో డీటర్ మీటింగు నాలుగింటికి అయిపోతుందని స్రవంతి కనుక్కుంది. ఓదెలు నోట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పల్లీల డబ్బా బరువు పెట్టి, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు కాగానే చేస్తాడు. ముందు తిన్నరా సార్ అని అడుగుతాడు. ఆ తర్వాత, సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందన్న సంగతి మీ దేశంలో ఎవరికన్నా తెలుసా అని అడుగుతాడు. మిగతాది అక్కడి నుంచి దానంతటదే వస్తుంది.