నిదానంగా దిగే బల్ల

మొన్న ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ మోగింది. కాకినాడ నుంచి అక్క కూతురు. "మావయ్యా, అమ్మ పోయింది. నిద్రలోనే" అంది. నేను "అలాగా" అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గరే కూర్చున్నాను. కిటికీ అవతల మా వీధీ, ఎదురింటి వాళ్ల స్కూటరూ ఉన్నాయి. నాకు మాత్రం ఇసుక కనబడుతోంది.

అక్క నాకు తోబుట్టువు కాదు. డెబ్భైలలో నేను మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. ఆమె మా సైట్ ఇంజినీరు గారి భార్య. వాళ్లు కాకినాడ వాళ్లు, మస్కట్‌లోనే దార్సైట్ అనే పేటలో ఫ్లాట్. మేం జగిత్యాల, నిర్మల్ వైపు మనుషులం, ఆ పక్క పేట హమ్రియాలో ఒకే రూమ్‌లో ఒకరి మీద ఒకరం. మొదట్లో ఆమెను "మేడమ్" అంటే, వెనక్కి తిరిగి వెతికేది. "ఎవరయ్యా ఆ మేడమ్? ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను" అనేది. అలా అక్క అయింది.

ఆమెకు ఒక అలవాటుండేది. ముత్రా బజారులో ఏది కొన్నా, దాన్ని కొట్టు బయటికి ఎండలోకి తీసుకెళ్లి చూసేది. బట్టయినా, గిన్నెయినా, ఖర్జూరమైనా అంతే. కొట్టువాడు వెనకాలే హిందీలో మొత్తుకుంటూ వచ్చేవాడు. "నీ కొట్లో దీపం నీ పార్టీ, నాయనా. సూర్యుడు ఎవరి పార్టీ కాదు" అని తెలుగులోనే చెప్పేది. అతనికి ఏం అర్థమయ్యేదో గానీ ఊరుకునేవాడు. అయితే ఈ పరీక్షంతా ఇంజినీరు గారి చెప్పులకూ, మా ఇళ్లకు పంపే చీరలకూ. తనకైతే చేతికి ఏది తగిలితే అదే. "నాకేదైనా ఒకటేలే" అనేది. ఆ మాట ఆమె నోట ఎంత తరచుగా వచ్చేదంటే, మేమూ నమ్మేశాం.

ఇప్పుడు మంచు సంగతి చెప్పాలి. ఒమాన్‌లో మంచేమిటంటారా? మేమూ అదే అనుకున్నాం. కంపెనీలో ఒక విదేశీ సూపర్‌వైజరుకి పుట్టినరోజు కానుకగా ఇంటి నుంచి ఒక బల్ల వచ్చింది. మూతి పైకి లేచి ఉంది, దానికో తాడు. మంచు కొండల మీద దానిపై నిలబడి జారతారట. మస్కట్ ఎక్కడుందో ఆ పంపినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన నవ్వి నవ్వి, వెళ్లిపోతూ దాన్ని ఇంజినీరు గారికిచ్చి పోయాడు. మంచంటే ఏమిటని రూమ్‌లో పెద్ద చర్చ. ఐస్ ఫ్యాక్టరీ పొట్టు లాంటిదని ఒకడు, పొద్దున పొలం మీద పరుచుకునేదేనని ఇంకొకడు. ఇంజినీరు గారు మాత్రం చర్చలో పడలేదు. ఒక శుక్రవారం పికప్‌లో బల్ల వేసుకుని, మమ్మల్ని వెనక ఎక్కించుకుని, బౌషర్ ఇసుక దిబ్బలకు తీసుకెళ్లారు.

ఆ దిబ్బలు చూసినవాళ్లకే తెలుస్తాయి. ఒక పక్క నల్లటి రాతికొండలు, వాటి ఒడిలో ఎవరో జల్లెడపట్టి పోసినట్టు లేత పసుపు ఇసుక. గాలి వీచినప్పుడు శిఖరం అంచు పొగలా లేచేది. అక్కడ మనిషి మాట్లాడితే మాట దూరం పోయేది కాదు, పక్కనే మెత్తగా పడిపోయేది.

మా రూమ్‌లో ఒక సెంట్రింగ్ మేస్త్రి ఉండేవాడు. ఆ మంచుబల్లను చూసి, పనికిరాని ప్లైవుడ్ ముక్కలతో అందరికీ బల్లలు చేయడం మొదలుపెట్టాడు. మొదటిదానికి బాగా జారాలని, సెంట్రింగ్ పలకలకు పూసే ఆయిల్ పూశాడు. నువ్వులుండకు నువ్వులు పట్టినట్టు ఇసుకంతా పట్టేసి, బల్ల అంగుళం కదల్లేదు. తర్వాత నూనె మాని కొవ్వొత్తి రుద్దడం నేర్చాడు. అడుగున నున్నటి ఫార్మికా రేకు అంటించడమూ నేర్చాడు. ఇక మనిషిని బట్టి బల్ల. ఇంజినీరు గారికి వేగం పిచ్చి, ఆయనకు సన్నగా పొడుగ్గా, గట్టిది. ఒంపులు తిరగాలని సరదాపడే కుర్రాడికి పొట్టిది, నడుము దగ్గర సన్నంది. నా బల్లకు వెనక కూడా ఒక తాడు కట్టాడు. ఎందుకని అడిగితే "నీకు భయం గదనే" అన్నాడు. ఆ తాడు నా భయానికి ఏ విధంగా పనికొస్తుందో ఈనాటికీ తెలియదు.

అక్కకు బల్ల లేదు. ఇంజినీరు గారు తన బల్ల మీద కూర్చుంటే, వెనక ఆయన భుజాలు పట్టుకుని కూర్చునేది. బల్ల బాణంలా దిగేది. లేచిన ఇసుకంతా వెనకున్న మనిషి మొహం మీదికే. కొంగు తలమీదుగా కప్పుకుని కళ్లు మూసుకునేది. కింద చేరాక కొంగు దులుపుకుంటూ నవ్వేది. ఆమెకూ సరదాగానే ఉందని అందరం అనుకున్నాం.

తర్వాత ఇంజినీరు గారి కాంట్రాక్టు ముగిసింది. వచ్చే వారం బొంబాయి విమానం. వాళ్లింట్లో సామాన్లు కట్టడానికి మేస్త్రీ, నేనూ వెళ్లాం. టీ ఇస్తూ అక్క అంది:

"మేస్త్రీ, నాక్కూడా ఒక బల్ల చెయ్యవయ్యా."

ఇంజినీరు గారు పెట్టె మీద నుంచి తలెత్తారు. "వెళ్లిపోతూ బల్లేంటే? నాది ఉందిగా!"

"మీది మీదే. నేను ఆ దిబ్బ ఇంతవరకూ చూళ్లేదు."

"ప్రతి శుక్రవారం చూస్తూనే ఉన్నావు కదే!"

"ఎక్కేటప్పుడు మీ వీపు చూస్తాను. దిగేటప్పుడు కళ్లు మూసుకుంటాను. ఉన్నది ఒక్క శుక్రవారం. ఒక్కసారి కళ్లు తెరుచుకుని దిగుతాను. ఊరెళ్లాక కావాలంటే మటుకు ఆ దిబ్బ ఎక్కణ్నుంచి తెస్తారు?"

ఇంజినీరు గారు చేతిలో తాడుకు ముడి వేయడంలో పడ్డారు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఎసొంటిది గావాలె అక్కా? జల్ది పోయేదా, ఒంపులు దిరిగేదా?"

"నిదానంగా దిగేది."

వాడు నవ్వు ఆపుకోలేదు. "నిదానంగ దిగనీకి బల్లెందుకక్కా? నడుసుకుంట దిగరాదు?"

"నడిస్తే కాళ్లకేసి చూసుకోవాలి. నేను చూడాల్సింది నా కాళ్లు కాదు."

మర్నాడు సాయంత్రం మేస్త్రి నాలుగైదు ప్లైవుడ్ ముక్కలు తెచ్చాడు. అక్క ఒక్కొక్కటే బాల్కనీలో ఎండలోకి పట్టుకెళ్లింది. నేల మీద వేసి ఎక్కి నిలబడింది, కూర్చుంది, ఊగి చూసింది. పొయ్యి మీద పప్పు మాడే వాసన వస్తున్నా వదల్లేదు. తన కోసం ఆమె అంత సేపు ఎంచుకోవడం నేను చూసింది అప్పుడే. చివరికి అన్నిటిలోకీ వెడల్పయినది, కూర్చుంటే నడుమ కొద్దిగా వంగేది తీసుకుంది.

"ఇది ఎద్దు లెక్క నడుస్తది అక్కా."

"ఎద్దుకేం వచ్చింది? అన్నీ చూసుకుంటూ పోతుంది."

"అడుగున ఫార్మికా ఏస్త."

"వద్దు."

"మైనమన్న రుద్దనీ."

"వద్దు."

"మరి నడుమల్నే ఆగుతది. సార్ నన్ను తిడతడు."

"ఆయన్ని నాకు వదిలెయ్యి. కింద ఏవన్నా పెళ్లి భోజనాలు పెట్టారా, పరిగెత్తి దిగడానికి?"

ఆమె వంటింట్లో నీళ్లు కాచే గుండిగ ఆవిరి మీదే మేస్త్రి బల్ల మూతి వంచాడు. సణుగుతూనే వంచాడు. "నా పేరు ఖరాబైతది" అన్నాడు.

శుక్రవారం. ఎండ మెత్తబడ్డాక అందరం దిగాం. ఇంజినీరు గారు ఆఖరిసారి అని రెండుసార్లు దిగారు. పైన అక్క ఒక్కతే మిగిలింది. కొంగు నడుముకు దోపి, బల్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఇసుకను వెనక్కి తోసింది. బల్ల కదిలింది. పడవ ఒడ్డు వదిలినట్టు, తొందర లేకుండా. కొంచెం దిగి, ఒక పక్కకు మళ్లి, ఇంకొంచెం దిగింది. దిబ్బ నడుమకు వచ్చాక ఆగిపోయింది.

"జెప్పిన గద సార్, ఆగుతదని! మంచిగ జేస్తనంటే ఇనలే" అన్నాడు మేస్త్రి. ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఉన్నది ఆ ఒక్క శుక్రవారమే.

"కదలకు! వస్తున్నా!" అని ఇంజినీరు గారు అరిచి పైకి బయల్దేరారు. ఇసుక దిబ్బ ఎక్కడమంటే వేసిన అడుగు సగం వెనక్కి పోవడమే. ఆయన రొప్పుతూ ఎక్కుతున్నారు. అక్క మాత్రం మా వైపు చూడడం లేదు. ఆమె మొహం ఉత్తరానికి, దూరాన నీలం గీతలా ఉన్న సముద్రానికి తిరిగి ఉంది. కాసేపటికి మెల్లగా కొండల వైపు తిరిగింది. తర్వాత తల వెనక్కి వాల్చి, తను దిగివచ్చిన దారిని చూసింది. అప్పుడు నాకు తట్టింది, ఆమె ఎక్కడా చిక్కుకోలేదని.

ఇంజినీరు గారు చేరుకుని చెయ్యి చాపారు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లేవలేదు, కొంచెం జరిగి పక్కన చోటు చూపించింది. ఏం మాట్లాడుకున్నారో మాకు వినిపించలేదు. ఆయన కాసేపు నిలబడ్డారు, కింద ఉన్న మమ్మల్ని చూశారు, ఆమె చూస్తున్న వైపు చూశారు. కూర్చున్నారు. ఇద్దరి బరువుకూ బల్ల కదల్లేదు.

కొండల నీడ దిబ్బ అడుగును, మమ్మల్ని కప్పేసింది. వాళ్లిద్దరూ ఇంకా ఎండలోనే ఉన్నారు.

"పొద్దు గుంకుతాంది, పిలుద్దమా?" అని మేస్త్రి పికప్ హారన్ మోగించాడు. అక్క ఇటు తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తింది, ఉండండి అన్నట్టు. మేస్త్రి హారన్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. పైన శిఖరం అంచున గాలి కదిలించిన ఇసుక జారుతూనే ఉంది, వాళ్లకు అటూ ఇటూ రెండు పాయలుగా చీలి, చప్పుడు లేకుండా కిందికి దిగుతూ.