మెట్లు లేని గల్లీ

లాల్‌దర్వాజాలో మా గల్లీని టేపు పట్టి కొలవడం నేను మూడుసార్లు చూశాను. ఒకసారి నల్లా పైపుల కోసం, ఇంకోసారి కరెంటు స్తంభం కోసం. మూడోసారి వచ్చింది నలుగురు పిల్లలు. మెడలో కార్డులు, చేతిలో టేపు. నేను గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఆ టేపు కనబడగానే నా మనసుకు ఒకటే తట్టింది. రోడ్డు వెడల్పు చేయడానికే వచ్చారు.

మా దగ్గర గడపలు ఎత్తు. వాననీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు కాస్త కాస్త లేపుకుంటూ పోయారు. ఆ ఎత్తు దిగడానికి ప్రతి ఇంటి ముందూ ఇటుకలు పేర్చి, మీద షాబాద్ బండ పరుస్తారు. దానికి సిమెంటు మాత్రం పెట్టరు. ఎవరైనా కొలవడానికి వస్తే, దారి ఆక్రమించారని రాసుకోకముందే తీసి లోపల పెట్టుకోవాలి కదా.

"కొల్చెటోళ్లొచ్చిన్రు" అని లోపలికి ఒక్క మాట వేశాను. అవతలి వరుసలో ఉండే టైలరుకు వినబడింది. ఆ మాట ఎట్లా పోయిందో, పిల్లలు మొదటి ఇంటి గోడకు టేపు ఆనించేలోపు చివరి ఇంటిదాకా బండలు లేచిపోయాయి. నీళ్ల డ్రమ్ములు, పూలకుండీలు, టైలరు బల్ల, అన్నీ లోపలికి. ఎనభై దాటిన మా అత్తమ్మ లోపలి నుంచి వచ్చి, "నా బండేదే? నేనెట్ల దిగాలె?" అంది.

"ఇయ్యాల దిగకు అత్తమ్మా."

పిల్లలు కొలుచుకున్నారు, రాసుకున్నారు, నీళ్లడిగి తాగి వెళ్లారు. ఎందుకు కొలుస్తున్నారని గల్లీలో ఒక్కరూ అడగలేదు. అడిగితే వాళ్లు తిరిగి మమ్మల్నేదైనా అడుగుతారని భయం.

పది రోజుల తర్వాత అందులో ఒక ఆడపిల్ల ఒంటరిగా వచ్చింది. అప్పటికి బండలన్నీ మళ్లీ బయట ఉన్నాయి. మా బండకే కాలి వేలు తగిలి ఆగిపోయింది.

"ఆంటీ, ఈ రాయి ఆ రోజు లేదు కదా?"

"ఎప్పట్నుంచో ఉన్నది బిడ్డా. నువ్వు సూడలే."

అత్తమ్మ ఊరుకుంటే కదా. "ఎందుకు అబద్ధం చెప్తవే? నువ్వే తీపిచ్చినవ్. నేను పొద్దుగూకేదాంక ఇంట్లనే కూసున్న" అంది.

ఆ పిల్ల కోపం చేసుకోలేదు. ఆ బండ మీదే కూర్చుని, సంచీలోంచి చుట్టిన కాగితం తీసి నా ముందు పరిచింది. ఇళ్లు కట్టే చదువు చదువుతోందట. ఈ ఏడాది ఒక్క ఇల్లు కాదు, ఊరు ఎట్లా అమరుతుందో, వీధులు ఎట్లా నడుస్తాయో నేర్చుకోవాలట. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో గల్లీ ఇచ్చి గీసుకు రమ్మన్నారు. కొలవడానికి మాత్రం నలుగురూ కలిసి తిరిగారట. ఈమె కాగితం చూసి వాళ్ల సారు అడిగాడట. "తలుపులన్నీ నేలకు రెండడుగుల ఎత్తున ఉన్నాయి. ఒక్క మెట్టు లేదు. ఈ గల్లీలో మనుషులు దూకుతారా?"

క్లాసంతా నవ్విందట. శుక్రవారంలోపు సరిగా గీసి ఇవ్వకపోతే ఆ సబ్జెక్టు తప్పినట్టే.

"మరి రోడ్డు వెడల్పు చేసుడు?" అన్నాను.

"మాకు గోడ కట్టడమే ఇంకా రాదాంటీ. రోడ్డెక్కడ వెడల్పు చేస్తాం?"

నా నోట్లోంచి వచ్చిన ఒక్క మాటకు పరాయి పిల్ల చదువు తప్పేట్టుంది. టైలరును పిలిచి సంగతి చెప్పాను.

"కొల్చెటోళ్లని నువ్వే గద వదినె అన్నది? నేను మిషిన్ గూడ లోపలేసుకున్న" అని నన్నే తగులుకున్నాడు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "ఒక్కసారి బండ కాగితం మీదికెక్కినంక, గా కాగితం ఏడికి పోతదో ఎవరికెరుక?" అన్నాడు.

"మా సారు బల్ల మీదికి. అక్కణ్నుంచి మా ఇంటి అటక మీదికి. ఇంటి నంబర్లు, మనుషుల పేర్లు ఏవీ రాయనన్నా."

టైలరు కాసేపు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే, రేపు రా. అందరికి నేను చెప్త. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

తెల్లారి చూస్తే ఏముంది, గల్లీ పెళ్లిపందిరైంది. బండలు కడిగి ముగ్గులు పెట్టారు. మిద్దె మీది తులసికుండీ కిందికి దిగింది. ఒకరు చిలుక పంజరం వేలాడదీశారు. టైలరు కోటు తొడిగిన బొమ్మను తెచ్చి నిలబెట్టాడు. కాగితం మీద తమ ఇల్లు బాగా పడాలని అందరికీ ఆశ. పాపం ఆ పిల్లకు కాలు పెట్టే సందు లేదు.

"ఆ రోజు ఏమీ లేదు. ఇవాళ అన్నీ ఉన్నాయి. రోజూ ఉండేదేంటో నాకెట్లా తెలియాలి ఆంటీ?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాసుకో" అన్నాను.

ఐదో తరగతి దాటని దాన్నే అయినా, చెప్పడం నాకు తెలిసిన పని. ముప్పై ఏళ్లుగా ఈ గడపలో కూర్చున్నాను. పొద్దున గౌలిపుర నుంచి పాలాయన ఎక్కడ బండి ఆపి క్యాను దించుతాడో, టైలరు బల్ల నీడ వెంట ఏ గోడ నుంచి ఏ గోడకు జరుగుతుందో, సాయంత్రం ఏ బండ మీద కూరలు తరుగుతారో, ఏ బండ మీద పిల్లలు హోంవర్కు చేస్తారో, అన్నీ చెప్పాను. ఆమె రాస్తూనే ఉంది. మధ్యలో ఆగి అడిగింది.

"గల్లీ ఆరడుగులు. ఈ రాళ్ల జాగా పోను మిగిలేది తక్కువ. ఇద్దరెదురైతే ఎట్లా?"

ఆ మాట అంటుండగానే భుజాన గ్యాసు సిలిండరుతో ఒకాయన వచ్చాడు. "బండెక్కు బిడ్డా" అన్నాను. ఆమె ఎక్కింది, ఆయన ఆగకుండా వెళ్లిపోయాడు.

"గంతే. ఒట్టి చేతులోళ్లు బండెక్కాలె, బరువున్నోళ్లు నడ్వాలె. ఎవరి బండైతే ఏంది."

ఆ పిల్ల బండ దిగలేదు. అక్కడే నిలబడి గల్లీ ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. "ఆంటీ, ఏ రెండు బండలూ ఎదురెదురుగా లేవు" అంది.

నేనూ లేచి చూశాను. నిజమే. ఒకటి ఇటు, దాని తర్వాతది అటు. ఇన్నేళ్లూ వాటి మీదే కూర్చుని వాటినే చూడలేదు. ఇదెట్లా వచ్చిందా అని నాకూ ఆరాటం పుట్టింది. అత్తమ్మను అడిగితే, అదేదో నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు చూసింది.

"దర్వాజకు దర్వాజ ఎదురు పెడ్తరా ఎవరన్న? అవుతలోళ్లకు మన ఇల్లంత కనవడదా? దర్వాజ యాడుంటె బండ ఆడనే."

ఇంట్లో ఆడవాళ్లు కనబడకూడదని ఎవరో పెద్దవాళ్లు తలుపులు పక్కకు జరిపారు. అందువల్ల బండలు జరిగాయి. అందువల్ల ప్రతి బండకు ఎదురు ఖాళీ ఉండి సిలిండరు ఆగకుండా పోయింది. ఆ పిల్ల ఈ మూడూ ఒకదాని కింద ఒకటి రాసుకుంది.

శనివారం ఆ పిల్ల వచ్చింది, చేతిలో స్వీటు డబ్బా. గల్లీని మూడుసార్లు గీసింది, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఈ రాళ్లు తీసేస్తే గల్లీ వెడల్పవదా అని సారు అడిగాడట.

"తీసేసిన రోజే నేను మొదటిసారి కొలిచాను సార్, ఆ రోజు ఒక్కరూ గల్లీలోకి దిగలేదు అన్నానాంటీ."

"ఏమన్నడు?"

"పాస్ చేశారు."

అత్తమ్మ కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయి ఒక చిన్న గీతల పెట్టె దగ్గర ఆగింది. "గిది నాదేనా?"

"మీదే అమ్మమ్మా."

వెళ్లేటప్పుడు ఆ పిల్ల మా బండ మీద కాలు మోపితే అది కదిలింది. "ఇప్పుడైనా సిమెంటు పెట్టించుకోవచ్చు కదా ఆంటీ, పెద్దావిడ పడిపోతే?"

నేను టైలరు వైపు చూశాను. టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ, "మల్ల కొల్చెటోళ్లొస్తెనో?" అన్నాడు.

"ఒక ఇటుక పెంక దోపు, సాలు" అంది అత్తమ్మ.

ఆ పిల్ల డబ్బా పక్కన పెట్టి బండను రెండు చేతులా కాస్త లేపి పట్టుకుంది. నేను కింద పెంక దోపాను.